మోకాలి గ్రాఫ్ట్ మందాన్ని టేపు ముందే చెప్పగలదా?

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాల కొలతలు ముందే ఖరారై ఉంటాయి. అదే ఊళ్లో ఒక కార్మికుడికో, కబడ్డీ ఆడే విద్యార్థికో మోకాలి లిగమెంట్ తెగితే, దాని స్థానంలో అమర్చే టెండన్ మందం కచ్చితంగా ఎంతో ఆపరేషన్ బల్ల మీదే తేలుతుంది. దాన్ని ముందే అంచనా వేయవచ్చా?

మోకాలి లోపల కింది ఎముక ముందుకు జారకుండా ఆపేది యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్. పూర్తిగా తెగితే అది తనంతట తాను అతుక్కోవడం అరుదు. అందుకే తరచుగా తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాల టెండన్లు రెండింటిని తీసి, మడిచి, నాలుగు పేటలుగా చేసి అమరుస్తారు. ఇదే గ్రాఫ్ట్.

ఇక్కడ ఒక్క మిల్లీమీటరు కూడా ముఖ్యమే. అడ్డుకోత వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 8 మి.మీ. గ్రాఫ్ట్ కన్నా 7 మి.మీ. గ్రాఫ్ట్ వైశాల్యం దాదాపు 23 శాతం తక్కువ. 256 మంది రోగులను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, 8 మి.మీ. కన్నా మందమైన గ్రాఫ్ట్ ఉన్నవారిలో 1.7 శాతం మందికే మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. 7 మి.మీ. లేదా అంతకన్నా సన్నని గ్రాఫ్ట్ ఉన్నవారిలో ఇది 13.6 శాతం. గ్రాఫ్ట్ మందంతో పాటు వయసు ప్రభావమూ ఉంది. 20 ఏళ్ల లోపువారికి ముప్పు ఎక్కువ.

ఎత్తు, బరువు, తొడ చుట్టుకొలత, కాలి పొడవు గ్రాఫ్ట్ మందంతో కొంతవరకు ముడిపడి ఉంటాయని పలు అధ్యయనాలు చూపాయి. 50 కిలోల లోపు బరువు, 140 సెం.మీ. లోపు ఎత్తు, 37 సెం.మీ. లోపు తొడ చుట్టుకొలత ఉన్నవారికి 7 మి.మీ. కన్నా సన్నని గ్రాఫ్ట్ వచ్చే అవకాశం ఎక్కువని 2008 నాటి ఒక అధ్యయనం హెచ్చరించింది.

అయితే టేపు చెప్పేది సగటు ధోరణినే. ఒకే ఎత్తున్న ఇద్దరి టెండన్లు ఒకేలా ఉండవు. తొడ చుట్టుకొలతలో కండరంతో పాటు కొవ్వూ కలుస్తుంది. పైగా ఒక దేశంలో తయారైన సూత్రం మరో దేశపు శరీరాలకు అలాగే సరిపోతుందన్న హామీ లేదు. ఎంఆర్ఐలో టెండన్ వైశాల్యాన్ని నేరుగా కొలవవచ్చు.

అయినా ఈ అంచనా వృథా కాదు. సన్నని గ్రాఫ్ట్ రావచ్చని ముందే తెలిస్తే, అయిదారు పేటలుగా మడవడానికో, మోకాలిచిప్ప టెండన్ వంటి ప్రత్యామ్నాయానికో వైద్యులు సిద్ధంగా ఉంటారు. మరోచోట కోత పడవచ్చని రోగికి ముందే చెప్పి, అంగీకారం తీసుకోగలుగుతారు.