ఇంజిన్ వదలడం ఎందుకంత కష్టం?
పెట్రోల్ మానేసి కరెంటు కార్లకి మారమంటే కంపెనీలు ఎందుకు మొరాయిస్తాయి? టెక్నాలజీ లేకనా? 1990లో కాలిఫోర్నియా ఒక రూల్ పెట్టింది: 1998కల్లా పెద్ద కంపెనీలు అక్కడ అమ్మే కార్లలో 2 శాతం పొగ రానివి ఉండాలని. 1996లోనే జనరల్ మోటార్స్ ఈవీ1 అనే ఎలక్ట్రిక్ కారు తెచ్చి, అమ్మకుండా లీజుకిచ్చింది. తర్వాత కంపెనీలు కోర్టుకెళ్లాయి, రూల్ సడలింది, ఆ కార్లలో చాలావాటిని వెనక్కి తీసుకుని తుక్కు చేశారు.

లాభం లేదన్నారు. నిజమే కావచ్చు. ఇంజిన్ ఫ్యాక్టరీలు, గేర్‌బాక్సులు, సర్వీసింగ్ ఆదాయం అన్నీ పాత బండి మీదే ఆధారపడ్డాయి. మా సీఎస్‌ఈ వాళ్లకి ఇది తెలిసిన కథే: నడుస్తున్న పాత కోడ్‌ని ఎవరూ ముట్టుకోరు. కానీ పొగ ఖర్చు కంపెనీ పద్దులో ఉండదు, పీల్చేవాళ్లే కడతారు. అందుకే రూల్ సడలకూడదంటాను నేను.