నొప్పి తగ్గింది... పన్ను బతికిందా?

పన్ను నొప్పికి వేళాపాళా బాగా తెలుసు. పగలంతా ఊరుకుని, రాత్రి అందరూ పడుకున్నాక మొదలెడుతుంది. లవంగం నమిలినా, ఉప్పునీళ్లు పుక్కిలించినా, ఇంట్లో మిగిలిపోయిన మాత్రేదో వేసుకున్నా... తెల్లారేదాకా దవడ పట్టుకుని కూర్చోవాల్సిందే. పొద్దున్నే డాక్టరు దగ్గరికెళితే ఎక్స్‌రే చూసి ఒకటే మాట: 'రూట్ కెనాల్ చెయ్యాలి'. అంతే, నొప్పిని మించిన భయం పట్టుకుంటుంది. 'నరం లాగేస్తారట', 'నాలుగైదుసార్లు తిరగాలట', 'అంత డబ్బు పోసే బదులు పీకించుకుంటే పోలా!'... ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ తలా ఓ సలహా ఇస్తారు. ఈలోగా నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. 'హమ్మయ్య' అనుకుని ఆ సంగతే మర్చిపోతారు. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే!

పురుగు కాదు... తీపి!

'పన్ను పురుగు తినేసింది' అని ఇప్పటికీ అంటుంటారు. ఒకప్పుడు ప్రపంచమంతా అలాగే నమ్మింది. పళ్లలో పురుగులుంటాయన్న మాటను ఫ్రాన్స్‌కు చెందిన దంతవైద్యుడు పియెర్ ఫొషార్ 1728లో వెలువరించిన తన గ్రంథంలో కొట్టిపారేశాడు. పన్నును పాడుచేసేది పురుగు కాదు, కంటికి కనపడని బ్యాక్టీరియా. మనం తిన్న తీపిని అది తిని ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పంటి పైపొర ఎనామిల్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది.

మన శరీరం మొత్తంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఎనామిల్. అందులో నరాలు ఉండవు. కాబట్టే పుచ్చు మొదలైన కొత్తలో నొప్పి తెలీదు. దాని కిందనుండే డెంటిన్ పొర దాకా పుచ్చు వెళితే చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది. ఇంకా లోపల, పంటి నడిమధ్యన 'పల్ప్' ఉంటుంది. నరాలూ రక్తనాళాలూ కలిసిన మెత్తటి గుజ్జు అది. బ్యాక్టీరియా అక్కడికి చేరితే గుజ్జు వాస్తుంది. చేతికో కాలికో వాపొస్తే చర్మం సాగుతుంది. పంటిలోపల గోడలన్నీ గట్టివే. వాచడానికి చోటు లేక ఒత్తిడి పెరిగిపోతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తప్రసరణ పెరుగుతుంది కాబట్టి పోటు ఇంకా ఎక్కువవుతుంది. రాత్రి జాగారానికి కారణం ఇదే.

చల్లటిది తగిలినప్పుడు జివ్వుమని, తీసేసిన కొన్ని క్షణాల్లో తగ్గిపోతే చాలావరకు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. నిమిషాల తరబడి నొప్పి లాగుతున్నా, వేడి కాఫీకి పోటు లేస్తున్నా, ఏమీ తినకుండానే నొప్పి మొదలవుతున్నా గుజ్జు దెబ్బతిందని అనుమానించాలి. రూట్ కెనాల్ అవసరమయ్యేది ఈ దశలోనే.

మౌనంగా ఉందంటే...

వారం పది రోజులు సతాయించిన పన్ను ఒక్కసారిగా ఊరుకుందంటే నయమైందని కాదు. చాలాసార్లు లోపల గుజ్జు చచ్చిపోయిందని అర్థం. నొప్పి చెప్పాల్సిన నరమే లేదు కాబట్టి నొప్పి లేదు. బ్యాక్టీరియా మాత్రం తన పని ఆపదు. వేరు చివర్నుంచి దవడ ఎముకలోకి దిగి చీము గూడు కట్టుకుంటుంది. నెలల తర్వాత చిగురు మీద చిన్న పొక్కు రూపంలోనో, ఉన్నట్టుండి వచ్చిన బుగ్గవాపు రూపంలోనో బయటపడుతుంది.

'యాంటీబయాటిక్ కోర్సు వాడితే పోదా?' అని చాలామంది అడుగుతారు. మందు వెళ్లేది రక్తంతోపాటే. చచ్చిన గుజ్జులో రక్తప్రసరణే ఉండదు. మరి మందు అక్కడికి చేరేదెలా? జ్వరం, పాకుతున్న వాపు వంటి లక్షణాలు లేనప్పుడు పన్ను నొప్పికి యాంటీబయాటిక్స్ రాయొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో వైద్యులకు మార్గదర్శకాలిచ్చింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు మహా అయితే నాలుగు రోజులు వాయిదా వేస్తాయి.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసుండాలి. పన్ను నొప్పితోపాటు దవడ కింద, మెడ వైపు వాపు పాకుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగడం కష్టమవుతున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

కుర్చీలో ఏం జరుగుతుంది?

భయపెట్టే పేరేగానీ రూట్ కెనాల్ అంటే శుభ్రం చేసి, మూసెయ్యడం. అంతే.

ముందు ఎక్స్‌రే తీస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. బాగా వాచిన కింది దవడ పంటికి ఒక్కోసారి ఒక ఇంజెక్షన్‌తో పూర్తిగా మత్తు ఎక్కదు. అప్పుడు పళ్ల బిగువున భరించక్కర్లేదు. చెయ్యెత్తితే చాలు, డాక్టరు ఆపి మళ్లీ మత్తిస్తారు. తర్వాత పన్ను చుట్టూ పల్చటి రబ్బరు తొడుగు బిగిస్తారు. ఉమ్మి పంటిలోకి వెళ్లకుండా, మందులూ పనిముట్లూ గొంతులోకి జారకుండా కాపాడేది అదే. పన్ను పైభాగంలో చిన్న రంధ్రం చేసి, సన్నటి ఆకురాళ్లలాంటి ఫైల్స్‌తో వేరు లోపలి గొట్టాలను శుభ్రం చేస్తారు. మధ్యమధ్యలో క్రిములను చంపే ద్రావణంతో కడుగుతారు.

ముందు పళ్లకు సాధారణంగా ఒకటే గొట్టం. దవడ పళ్లకు మూడు, ఒక్కోసారి నాలుగు. అవి తిన్నగా ఉండవు, వంకర్లు పోతాయి. ఒకప్పుడు ఉక్కు ఫైల్స్‌తో ఆ వంపులు తిరగడం కష్టమయ్యేది. వంగి మళ్లీ యథాస్థితికొచ్చే నికెల్-టైటానియం ఫైల్స్‌ను 1988లో పరిశోధకులు పరిచయం చేశాక పని సులువైంది. ఇప్పుడు చాలా కేసులు ఒకటి, రెండు సిట్టింగుల్లోనే అయిపోతున్నాయి. చీము ఎక్కువగా ఉంటే లోపల మందు పెట్టి, తాత్కాలికంగా మూసి, కొన్ని రోజులాగి మళ్లీ రమ్మంటారు.

శుభ్రం చేసిన గొట్టాల్ని నింపే పదార్థం పేరు గట్టాపెర్చా. మలేసియా, ఇండోనేసియా ప్రాంతాల్లో పెరిగే చెట్ల పాల నుంచి తీస్తారు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ తీగకు తొడుగుగా వాడింది కూడా దీన్నే! నీటిని లోపలికి రానివ్వని ఆ గుణమే ఇక్కడా అక్కరకొచ్చింది.

చికిత్స తర్వాత రెండు మూడు రోజులు కొరికితే కాస్త సలుపుతుంది. డాక్టరు రాసిన మాత్రలతో తగ్గిపోతుంది. వాపొచ్చినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా మళ్లీ వెళ్లి చూపించుకోవాలి.

సగంలో ఆపేస్తే...

నొప్పి పోయింది, పని ఉంది, డబ్బు సర్దుబాటు కాలేదు... కారణమేదైతేనేం, చాలామంది క్యాప్ వేయించుకోకుండానే ఆగిపోతారు. పెట్టిన ఖర్చంతా వృథా అయ్యేది ఇక్కడే. పుచ్చుకి కొంత పోయి, చికిత్సలో కొంత పోయి, మిగిలిన పన్ను బలహీనంగా ఉంటుంది. ఏ చెగోడీనో, మటన్ ఎముకో కొరికిన రోజు నిలువునా చీలుతుంది. వేరుదాకా చీలిన పన్నును కాపాడటం దాదాపు అసాధ్యం.

అమెరికాలో 14 లక్షలకు పైగా పళ్ల రికార్డులు పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతి తేల్చిచెప్పింది. రూట్ కెనాల్ చేసిన పళ్లలో 97 శాతం ఎనిమిదేళ్ల తర్వాత కూడా నోట్లోనే ఉన్నాయి. పీకాల్సి వచ్చిన వాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు!

అందుకే మొదటిరోజే 'క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతవుతుంది?' అని అడగాలి. పింగాణీ, లోహం, జిర్కోనియా... రకాన్నిబట్టి ధర మారుతుంది. ముందు పళ్లు ఎక్కువగా అరగకపోతే వాటికి క్యాప్ లేకుండా ఫిల్లింగ్‌తోనూ సరిపెట్టొచ్చు. దవడ పళ్లకు మాత్రం దాదాపు తప్పదు.

పీకించుకుంటే పోలా?

ఆ రోజుకి చవకే. కానీ ఖాళీ వైపు పక్క పళ్లు వాలతాయి. పైది కిందికి జారుతుంది. అక్కడి దవడ ఎముక క్రమంగా కుంచించుకుపోతుంది. బ్రిడ్జి కట్టించాలంటే బాగున్న పక్క పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ అయితే ఖర్చు మరింత. అలాగని ప్రతి పన్నునూ కాపాడలేరు. వేరు చీలినా, పుచ్చు చిగురు లోపలికి బాగా దిగినా, పట్టుకుని ఉండే ఎముక కరిగిపోయినా పీకడమే మేలు. నిజాయతీ ఉన్న డాక్టరు ఆ మాట ముందే చెబుతారు.

'పై పన్ను పీకితే కంటిచూపు పోతుంది' అన్నది ఉత్త భయం. పంటి నరం వేరు, చూపు నరం వేరు. రూట్ కెనాల్ చేసిన పన్ను ఒళ్లంతా జబ్బులు తెస్తుందన్న వాదన 1920లలో బాగా ప్రచారమైంది. తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు.

ఆరేళ్ల పన్ను జాగ్రత్త

'పాలపళ్లే కదా, ఊడిపోయేవేగా' అని పిల్లల పుచ్చుపళ్లను వదిలేస్తుంటారు. పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. కింద వచ్చే పళ్లకు చోటు పట్టి ఉంచేవి అవే. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. ఆరేళ్ల వయసులో పాలపళ్లన్నిటి వెనక కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అమ్మానాన్నలు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన శాశ్వత దంతం. చాలామందికి చిన్నవయసులోనే పుచ్చేది అదే. వెనక వరసను వారానికోసారి టార్చి వేసి చూడటం అలవాటు చేసుకుంటే మంచిది.

కూర్చోబోయే ముందు...

* షుగరు, బీపీ, గుండె కవాటం ఆపరేషన్, మందుల ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

* రక్తం పల్చబడే మాత్రల్ని సొంతంగా ఆపెయ్యకూడదు. ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకుంటుంటే తప్పక చెప్పాలి. అలాంటివారికి పన్ను పీకడంకన్నా రూట్ కెనాలే క్షేమం.

* గర్భిణులు నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోవద్దు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చికిత్సకు అనువైన కాలం. అత్యవసరమైతే ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

* నొప్పిగా ఉన్నచోట మాత్ర నలిపి పెట్టొద్దు. చిగురు కాలి పుండవుతుంది.

* పనిముట్లు శుద్ధిచేసిన కవర్లోంచి తీస్తున్నారా, రబ్బరు తొడుగు వాడుతున్నారా అని అడగడం తప్పు కాదు. కష్టమైన కేసుల్ని రూట్ కెనాల్ చికిత్సలో ఎం.డి.ఎస్. చేసినవారికి చూపించుకోవచ్చు.

* ఎక్స్‌రేలు దాచిపెట్టుకోవాలి. మళ్లీ ఇబ్బంది వస్తే పోల్చి చూడ్డానికి అవే ఆధారం.

రెండుపూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం, రాత్రి బ్రష్ చేశాక తీపి ముట్టకపోవడం, ఏడాదికోసారి డాక్టరుకి నోరు చూపించుకోవడం... ఈ మూడింటితో పుచ్చు చాలావరకు గుజ్జుదాకా వెళ్లదు. ఎప్పుడైనా పుచ్చు మొదలైనా, పన్ను జివ్వుమన్న మొదటిరోజే దాని మాట వింటే చాలావరకు ఫిల్లింగ్‌తో పోతుంది. వినకపోతే... ఏదో ఒక రోజు అది మాట్లాడటం మానేస్తుంది!