అరిసెల మీద తొలి అడుగు

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు. బిడ్డ ఎదుగుదలను తెలుగిళ్లు పిండివంటలతో లెక్కపెట్టుకున్నాయి. ఆ అరిసెల రోజు ఎప్పుడొస్తుందనేదే అమ్మమ్మల బెంగ.

బెంగ అక్కర్లేదు. మన దేశం సహా 5 దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెల్లడించిన లెక్క ప్రకారం, సాయం లేకుండా నడవడం 8 నెలలు దాటాక ఎప్పుడైనా మొదలవచ్చు. 17 నెలలు దాటేదాకా పట్టినా ఆశ్చర్యం లేదు. 4 శాతానికి పైగా పిల్లలు చేతులూ మోకాళ్లూ ఆన్చి పాకనే లేదు!

పుట్టిన పసికందును నిలువుగా పట్టుకుంటే నడుస్తున్నట్టు కాళ్లాడిస్తుంది. రెండు నెలలకల్లా అది మాయం. మెదడు ఎదిగి ఆ అలవాటును అణచేస్తోందని చాలాకాలం అనుకున్నారు. 1984లో అమెరికా పరిశోధకురాలు ఎస్తర్ థెలెన్ బృందం పసివాళ్లను నీళ్లలో నిలబెట్టి చూసింది. అడుగులు పెరిగాయి! కాళ్లకు చిన్న బరువులు కడితే తగ్గాయి. అంటే తొడలకు పట్టిన కొవ్వే అసలు అడ్డంకి, బలం ఇంకా అందుకోలేదంతే.

తర్వాతంతా సాధనే. నడక నేర్చే పిల్లలు ఆటలో గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారని, 17 సార్లు పడతారని న్యూయార్క్‌లో కేరెన్ అడాల్ఫ్ బృందం 2012లో లెక్కగట్టింది. పెద్దవాళ్లమైతే మొదటి గంటలోనే మానేస్తాం.

కాళ్ల బలం కథ బాల్యంతో ఆగదు. ముప్పై దాటాక కండ మెల్లగా కరుగుతుంది. అయితే 1990లో వెలువడిన బోస్టన్ అధ్యయనంలో తొంభై ఏళ్ల ప్రాంతంలో ఉన్న వృద్ధులతో 8 వారాలు బరువులెత్తించారు. కాళ్ల బలం రెట్టింపు దాటింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు.