వయసూ – వంగడమూ

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను పెద్దవాళ్లు పిల్లల మీదే ప్రయోగిస్తారు. కాని దాని రెండో సగం తమ మీద పడుతుందని వాళ్లు గమనించినట్టు లేదు. వయసు ముదిరితే మనిషి వంగడనే కదా దాని అర్థం! ఇదెంతవరకు నిజమో, కాలేజీలో సైన్సు చదువుతూ సెలవుల్లో చేలో గట్లు వేసే నాకు తోచినంత మేరకు చెబుతాను.

ముందు మొక్క సంగతి చూద్దాం. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే పొడవూ పదార్థమూ మారకుండా కాండం రెండింతలు లావైతే, దాన్ని అంతే వంచడానికి 16 రెట్లు బలం కావాలి. పైగా కణాల గోడల్లో లిగ్నిన్ పేరుకుని కలప బిగుస్తుంది. ఇంతవరకు సామెత లెక్క తప్పలేదు. మరి కాండం ఎందుకు లావవుతుంది? గుంజకు బిగించి కట్టేసిన మొక్క సన్నగా, పొడుగ్గా పోతుంది. గాలికి వదిలేసిన మొక్క ఊగి ఊగి పొట్టిగా, లావుగా తయారవుతుంది. అంటే మోయవలసిన దాన్ని బట్టే కాండం ముదురుతుందన్నమాట. ఇంకో సంగతేమంటే, ఎంత ముదురు మానైనా ఏటా చివర్న లేత చిగురు వేస్తూనే ఉంటుంది. సామెత కట్టినాయన ఈ రెండూ వదిలేశాడు.

ఇక మనిషి మెదడు. కొన్ని తలుపులు చిన్నప్పుడే మూసుకుపోతాయన్నది నిజమే. పిల్లికూనలకు పుట్టిన తొలి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా ఆ కంటికి చూపు సరిగా రాదని హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అన్ని తలుపులూ అలాంటివి కావు. లండను టాక్సీ డ్రైవర్లు పెద్దయ్యాకనే ఆ మహానగరపు వీధులన్నీ బట్టీ పడతారు. దారులు గుర్తుంచుకోవడానికి పనికొచ్చే హిప్పోకాంపస్ అనే భాగం వెనుక వైపు వారిలో పెద్దదిగా ఉందని 2000లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తెలివిని రెండు రకాలుగా విడదీశాడు. అప్పటికప్పుడు కొత్త చిక్కు విప్పే తెలివి యౌవనంలోనే ఉచ్చస్థితికి చేరి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. అనుభవం మీద పోగుపడే తెలివి నడివయసు దాటాక కూడా పెరుగుతూ వస్తుంది. కాబట్టి వయసుతో పాటు "వంగే గుణం" మొత్తంగా ఎండిపోతుందనడం సరికాదు.

పుస్తకాల మాట ఇలా ఉంచి మా ఇంటి సంగతి చెబుతాను. మాది పశ్చిమ గోదావరి డెల్టా. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 పండించి చూపించాక మా ఇంట్లో పెద్ద తగువే జరిగిందట. వేద్దామని 19 ఏళ్ల మా తాత, వద్దని మా ముత్తాత. ముత్తాతది ఉత్త మొండితనం కాదు. అది పొట్టి రకం, గడ్డి చాలదు, పశువులకేం పెట్టాలి? బియ్యం లావు, అన్నం రుచుండదు. ఎరువులు కొనాలి. ఆఖరికి కాలవ పక్క ఎకరం మాత్రం వదిలాడట. తర్వాత తాత అక్కుళ్లు మానేసి ఐఆర్-8, అది మానేసి 1982లో మార్టేరు నుంచి విడుదలైన స్వర్ణ, ఈమధ్య దాళ్వాకు 1121 వేస్తూ వచ్చాడు. ఇన్ని వంగడాలు మార్చినవాడికి వంగడం రాదని ఎవరనగలరు?

నిరుడు దాళ్వాకి ఊడ్పు కూలీలు దొరక్కపోతే, 77 ఏళ్ల ఆ తాతే "డ్రమ్ సీడరు లాగి చూద్దాంరా" అన్నాడు. నారు పోయక్కర్లేదు, ఊడ్పు ఖర్చు ఉండదు, మొలకెత్తిన విత్తనం ఎకరాకి 12–15 కిలోలు చాలు, పంట వారం పదిరోజులు ముందే చేతికొస్తుంది. 49 ఏళ్ల మా నాన్న ససేమిరా అన్నాడు. "నీకేం నాన్నా, కౌలు బస్తాలు కొలవాల్సింది నేను. చల్లిన మర్నాడు వానొస్తే? కలుపు కమ్మేస్తే?" అన్నాడు.

నాన్న మాటలో న్యాయం ఉంది. మాకున్నది మూడెకరాలు, కౌలుకి చేసేది ఐదు. పండినా పండకపోయినా కౌలు ఆగదు. నా హాస్టలు ఫీజు ఆగదు, బ్యాంకు వడ్డీ అసలే ఆగదు. ఆయన బిగువు మెదడులోది కాదు, నెత్తి మీది బరువులోది. గాలికి ఊగిన కాండం లావైనట్టే ఇదీనూ. తాతకు ఆ బరువు దిగిపోయింది గనక మళ్లీ కుర్రవాడిలా మాట్లాడుతున్నాడు. ఎంతో మెత్తనివాళ్లమనుకునే మా హాస్టలు మిత్రుల సంగతి చూస్తే, మెస్సులో కూర్చునే బల్ల మారిస్తేనే యుద్ధానికి దిగుతారు!

అలాగని తాతకు పట్టింపులు లేవని కాదు. వరండాలో ఆయన మంచం జానెడు జరిపితే ఒప్పుకోడు. రాత్రిపూట మంచం నుంచి కుండ దాకా ఎనిమిది అడుగులు, అక్కణ్నుంచి మెట్టు దాకా మూడు. ఆ లెక్క ఆయన పాదాలకే తెలుసు. అలవాటైన పని మీద మెదడు శ్రద్ధ పెట్టనక్కర్లేదు. చూపు మందగించి, కొత్తది నేర్చుకోవడానికి ఆలస్యమవుతున్న మనిషికి ఆ పొదుపే ఆధారం. కళ్లు మూసుకుని నడవగలిగే ఇల్లు ఉంది కాబట్టే, మిగిలిన ఓపికతో డ్రమ్ సీడరు గురించి ఆలోచించగలుగుతున్నాడని నాకు అనిపిస్తుంది. పెద్దవాళ్ల మొండితనమని విసుక్కునే వాటిలో సగం ఇలాంటివే.

అందుకే రాజమండ్రిలో ఉండే మా చిన్నాన్న తాతను తన ఫ్లాటుకు తీసుకుపోతానంటే నాకు దిగులుగా ఉంది. అక్కడ ఆస్పత్రి దగ్గర, మనుషులు కనిపెట్టుకుని ఉంటారు. ఇక్కడ ఒంట్లో బాగోకపోతే ఆటో కోసం ఎదురు చూడాలి. చిన్నాన్న వాదన కొట్టెయ్యలేనిది. కాని అక్కడ స్విచ్చి నుంచి స్నానాలగది దాకా ప్రతిదీ 77 ఏళ్ల వయసులో కొత్తగా నేర్చుకోవాలి. సంవత్సరాల తరబడి పోగుచేసిన ఆ అడుగుల లెక్క ఒక్కటీ చెల్లదు.

సంక్రాంతికి చిన్నాన్న వస్తున్నాడు. మంచం కూడా వ్యానులో వేసుకుపోదామని ఫోనులో అన్నాడట. తాత ఇంకా ఏమీ అనలేదు. నాన్న మాత్రం ఈ దాళ్వాకి కాలవ పక్క ఎకరంలో డ్రమ్ సీడరు లాగిస్తానని ఒప్పుకున్నాడు.