మందు పోవు త్రోవ

1929వ సంవత్సరమున జర్మనీ దేశములోని ఎబర్స్‌వాల్డె పట్టణపు ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు, పైవైద్యుడు వలదన్నను వినక, తన మోచేతి సిరలోనికి సన్నని గొట్టమును దూర్చి గుండె వరకు పోనిచ్చెను. ఆ గొట్టముతోనే నడచిపోయి ఎక్స్‌రే చిత్రము తీయించుకొనెను. నాడు మెచ్చినవారికంటె మందలించినవారే ఎక్కువ. 1956లో మరియిద్దరితోపాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఆ త్రోవ అవసరము పసిపిల్లలకు తరువాత కలిగినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినాప్టెరిన్ అను మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. వ్యాధి కొంతకాలమే వెనుకకు తగ్గినను, మందుతో దానిని ఎదుర్కొనవచ్చునని తేలినది. నేడు వైద్యవసతులు చక్కగానున్నచోట ఇట్టి పిల్లలలో అధికసంఖ్యాకులు కోలుకొనుచున్నారు.

అయితే ఆ చికిత్స తరచు రెండేండ్లకు పైగా సాగును. పిల్లల చేతి సిరలు సన్ననివి. మాటిమాటికి సూది గ్రుచ్చిన అవి నిలువవు. విన్‌క్రిస్టిన్ వంటి మందు సిరనుండి బయటికి చిందినచో కండను కాల్చివేయును. అందువలన 1973లో అమెరికాలోని సియాటిల్‌యందు బ్రోవియాక్ రూపొందించి, 1979లో హిక్‌మన్ వెడల్పుచేసిన సిలికోను గొట్టములు పిల్లల చికిత్సలో ప్రవేశించినవి. గొట్టము రొమ్ముచర్మము క్రిందుగా పోయి, దాని కొన గుండెకు చేరువనున్న పెద్దసిరలో నిలుచును. అచ్చటి రక్తప్రవాహమున మందు వెంటనే పలుచబడును. చర్మము క్రిందనే దాగియుండు ‘పోర్టు’ అను చిన్న బిళ్ళ తరువాత వచ్చినది.

కాని దారి మందుకే గాక సూక్ష్మజీవికిని దారియే. క్యాన్సరు మందులు రోగముతోపాటు శరీరమును కాచు తెల్లకణములను గూడ తగ్గించును. అవి లేనిచోట చీము పట్టదు, వాపు కానరాదు. లోపల విషక్రిములు పెరుగుచుండగా పైకి కనిపించునది జ్వరమొక్కటే కావచ్చును. ఇంతేకాక గొట్టము చుట్టును నెత్తురు గడ్డకట్టవచ్చును. ఆస్పరాజినేస్ అను మందు వాడునపుడు ఆ భయము హెచ్చు. చేయియో మెడయో ఉబ్బుట దానికి గుర్తు. గొట్టము మూసికొనిపోవుట, విరుగుట, జారుట గూడ కలదు.

అప్పుడు వైద్యునికి కఠినమైన ప్రశ్న ఎదురగును. తీసివేసినచో మందు పోవు త్రోవ మూయబడును, ఉంచినచో ప్రాణాపాయము. కొన్ని క్రిములను మందులతో అణచి గొట్టమును నిలుపుకొనవచ్చును గాని, శిలీంధ్రములు రక్తమున చేరినచో సాధారణముగా దానిని తీసివేయవలసినదే.

ఇంతటి అపాయమునకు మొదటి విరుగుడు మిక్కిలి సామాన్యమైనది. చేతులు కడుగుకొనుట, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మమును తుడుచుట, అవసరము తీరిన గొట్టమును తీసివేయుట మొదలైన ఐదు నియమములను అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున నూరుకు పైగా తీవ్రచికిత్సా విభాగములు పాటించినవి. గొట్టముల మూలమున రక్తమునకు సోకు వ్యాధులు మూడింట రెండు వంతుల వరకు తగ్గినట్లు 2006లో ప్రకటింపబడెను. ఆ నియమములలో ఏదియు క్రొత్తది కాదు. ఏమరక పాటించుటయే క్రొత్త.

చికిత్స నడుమ బడికి వచ్చు పిల్లవాని చొక్కా మాటున ఇట్టి పోర్టు ఉండవచ్చును. వైద్యుడు అనుమతించిన మేరకు వాడు చదువుకొనవచ్చును, ఆడుకొనవచ్చును. రొమ్మునకు దెబ్బ తగులకుండ చూచిన చాలును. కాని వాని నుదురు వేడిగా తోచినచో, జ్వరపుమాత్ర వేసి సాయంత్రము వరకు కూర్చుండబెట్టరాదు. 100.4 డిగ్రీల జ్వరము ఇతర పిల్లలకు సెలవుచీటీ. వానికి తత్‌క్షణము ఆసుపత్రికి పిలుపు. తల్లిదండ్రులకు వెంటనే కబురంపు ఉపాధ్యాయుడు గూడ ఆ చికిత్సలో భాగస్వామియే.