అమెరికాలో రాష్ట్రాలు దాటే కళాశాలలు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో కళాశాలలన్నింటికీ గుర్తింపునిచ్చేది కేంద్ర ప్రభుత్వమేనన్న నమ్మకం తెలుగు కుటుంబాల్లో బలంగా ఉంది. నిజానికి కళాశాల నడపడానికి అనుమతినిచ్చేది రాష్ట్రం. బోధనా ప్రమాణాలను పరిశీలించి అక్రెడిటేషన్, అంటే ప్రమాణాల గుర్తింపు, ఇచ్చేవి ప్రభుత్వేతర సంస్థలు. కేంద్ర విద్యాశాఖ ఆ సంస్థలను గుర్తించి, కేంద్ర ఆర్థిక సహాయానికి కళాశాలకున్న అర్హతను చూస్తుంది.

అపోహ: ఆన్‌లైన్ చదువుకు సరిహద్దులు లేవు కనుక కళాశాలకు సొంత రాష్ట్రపు అనుమతి చాలు.

వాస్తవం: విద్యార్థి ఏ రాష్ట్రంలో కూర్చుని చదువుతున్నాడో ఆ రాష్ట్ర చట్టం కూడా కళాశాలకు వర్తించవచ్చు కనుక, ఒకప్పుడు కళాశాలలు రాష్ట్రానికొక దరఖాస్తు, రాష్ట్రానికొక ఫీజు చొప్పున సమర్పించుకోవలసి వచ్చేది. ఈ భారాన్ని తగ్గించడానికి పుట్టిన పరస్పర గుర్తింపు ఒప్పందంలో (స్టేట్ ఆథరైజేషన్ రెసిప్రాసిటీ అగ్రిమెంట్) 2014లో ఇండియానా మొదట చేరగా, క్రమంగా కాలిఫోర్నియా తప్ప మిగిలిన 49 రాష్ట్రాలూ చేరాయి. అయితే ఒప్పందం వర్తించేది ప్రధానంగా దూరవిద్యకే. పొరుగు రాష్ట్రంలో భవనం తీసుకుని తరగతులు నడిపితే అక్కడి అనుమతి, అక్కడి ఫీజు తప్పవు. ఆసుపత్రిలోనో బడిలోనో శిక్షణకు పంపేటప్పుడు కూడా, ఒక కోర్సు నుంచి ఒకే చోట ఒకేసారి పదిమందికి మించకూడదన్న పరిమితి ఉంది.

అపోహ: ఫీజు కట్టి ఒప్పందంలో చేరిన కళాశాల డిగ్రీ ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. 2014లో నిర్ణయించిన వార్షిక ఫీజు విద్యార్థుల మొత్తం సంఖ్యను బట్టి 2,000, 4,000, 6,000 డాలర్లుగా ఉండేది. దానికీ బోధనా నాణ్యతకూ సంబంధం లేదు. చేరడానికి అక్రెడిటేషన్, ఆర్థిక స్థిరత్వం ఉండాలన్నది నిజమే కానీ, నర్సు, ఉపాధ్యాయుడు వంటి వృత్తుల లైసెన్సు ఒప్పందం పరిధిలోకి రానేరాదు. దానిని ప్రతి రాష్ట్రపు లైసెన్సింగ్ బోర్డు తన నిబంధనల ప్రకారమే నిర్ణయిస్తుంది కనుక, ఒక రాష్ట్రపు కళాశాలలో నర్సింగ్ పూర్తిచేసిన వ్యక్తికి తాను నివసించే రాష్ట్రంలో లైసెన్సు దొరకకపోవచ్చు.

అపోహ: ఫిర్యాదును విద్యార్థి ఉన్న రాష్ట్రమే పరిష్కరిస్తుంది.

వాస్తవం: ఒప్పందం కింద ముందు కళాశాలకు, తర్వాత ఆ కళాశాల సొంత రాష్ట్రానికి ఫిర్యాదు చేయాలి; మార్కులపై, క్రమశిక్షణ చర్యలపై వివాదాలు ఇందులోకి రావు.

విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా సంగతి పూర్తిగా వేరు. రాష్ట్రం అనుమతించిన ఆన్‌లైన్ కోర్సయినా, ఆ వీసాపై ఉన్నవారు పూర్తికాలపు చదువు లెక్కలోకి ఒక సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ తరగతిని, గరిష్ఠంగా 3 క్రెడిట్లను మాత్రమే తీసుకోగలరు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు ఎందరో తెలుగు విద్యార్థులు వీసా చిక్కుల్లో పడ్డారు. డబ్బు కట్టకముందే రాష్ట్ర అనుమతి, అక్రెడిటేషన్, లైసెన్సు, వీసాల గురించి కళాశాలను విడివిడిగా అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.