అప్పు కోసం ఆఖరి గడప

1991 జులై. బొంబాయి విమానాశ్రయానికి సాయుధ కాపలాతో బయల్దేరిన వ్యాన్లలో ఒకటి నడిదారిలో మొరాయించింది. అందులో ఉన్నది రిజర్వు బ్యాంకు బంగారం. అధికారులకు గుండె ఆగినంత పనైంది. అప్పట్లో కేంద్ర ఆర్థిక శాఖలో సంయుక్త కార్యదర్శిగా ఉన్న తెలుగువాడు వై.వి.రెడ్డి తర్వాతి కాలంలో ఆ సంగతి బయటపెట్టారు. అలా లండన్ చేరిన దాదాపు 47 టన్నుల పసిడిని తాకట్టు పెడితే వచ్చింది సుమారు 40 కోట్ల డాలర్లు!

ఇంట్లో పుస్తెలు కుదువ పెట్టినంత నామోషీ అది. కానీ తప్పలేదు. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర భగ్గుమంది, ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు, విదేశీ బ్యాంకులు మొహం చాటేశాయి. చేతిలోని డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతాయి. అలాంటప్పుడు మిగిలే ఆఖరి గడప అంతర్జాతీయ ద్రవ్యనిధి, ఐఎంఎఫ్. అది ఆ ఏడాది జనవరిలోనే సుమారు 180 కోట్ల డాలర్లిచ్చింది. పీవీ నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి, లైసెన్సుల రాజ్యాన్ని సడలించాక, అక్టోబరులో మరో 220 కోట్ల డాలర్ల పైచిలుకు రుణానికి ఒప్పుకొంది.

ఆ నిధికి 1944లో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో పునాది వేసిన 44 దేశాల్లో, ఇంకా పరాయి పాలనలోనే ఉన్న భారత్ కూడా ఒకటి. ఒక దేశం దివాలా తీస్తే ఆ మంట పొరుగువాళ్లకూ అంటుకుంటుందన్నది 1930ల మాంద్యం నేర్పిన పాఠం. బ్యాంకులు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలో చెప్పే బాసెల్ కమిటీ, 2008 సంక్షోభం తర్వాత పుట్టిన ఆర్థిక స్థిరత్వ మండలి కూడా ఆ మంటను ఆపడానికి వచ్చినవే.

ఐఎంఎఫ్ మందు వికటించిన సందర్భాలూ ఉన్నాయి. 1997 మధ్య దాకా డాలరుకు దాదాపు 2,400 ఉన్న ఇండొనేషియా రుపయ్యా, మరుసటి జనవరిలో పది వేలు దాటింది. ఐఎంఎఫ్ ఒప్పందం ప్రకారం 1997 నవంబరు 1న 16 బ్యాంకులను ఒక్కసారిగా మూసేశారు. డిపాజిట్లన్నిటికీ పూర్తి హామీ లేదు. తర్వాత మూతపడేది తమ బ్యాంకేనేమోనని జనం డబ్బు కోసం ఎగబడ్డారు. 1998 జనవరి 15న అధ్యక్షుడు సుహార్తో వంగి సంతకం పెడుతుంటే, ఐఎంఎఫ్ అధిపతి మిషెల్ కామ్డెస్యూ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డ ఫొటో ఆసియా అంతా చూసింది. మే నెలలో ఇంధన ధరలు పెంచగానే అల్లర్లు చెలరేగాయి, సుహార్తో గద్దె దిగారు. ఆయన నిరంకుశుడే, నిజమే. కానీ ఉద్యోగాలు పోగొట్టుకున్న సామాన్యులు చేసిన తప్పేమిటి? ఆ అవమానం తర్వాతే ఆసియా దేశాలు పోటీపడి డాలర్లు కూడబెట్టుకున్నాయి.

2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. పెట్రోలు కోసం బారులు తీరిన జనంలో కొందరు ఆ క్యూల్లోనే ప్రాణాలు వదిలారు. సెప్టెంబరు 1న ఐఎంఎఫ్ సిబ్బందితో అవగాహన కుదిరింది. అయినా రుణం ఖరారైంది 2023 మార్చి 20న! అప్పులిచ్చిన దేశాలు సడలింపునకు హామీ ఇస్తే తప్ప డబ్బు కదలదన్నది నిబంధన. అందరికన్నా ముందు, జనవరిలో, ఆ హామీ ఇచ్చింది భారత్. అంతకుముందే 2022లో సుమారు 400 కోట్ల డాలర్ల సాయంతో ఆదుకున్నదీ మనమే. మొత్తం 300 కోట్ల డాలర్ల రుణం కోసం లంక ప్రజలు పన్నుల పెంపును, 66 శాతం కరెంటు ఛార్జీల మోతను భరించారు. ధరలు అదుపులోకి వచ్చాయి. ఆకలి మాత్రం అంత త్వరగా తగ్గలేదు.

ఈ సంస్థలు అక్కర్లేదనడం అవివేకం. మార్చాల్సింది నిర్ణయాధికారాన్ని. ఐఎంఎఫ్‌లో ముఖ్య నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి, అంటే అది కాదంటే అలాంటి నిర్ణయమేదీ కదలదు. దాదాపు 140 కోట్ల జనమున్న భారత్ కోటా 2.75 శాతం. 2023 డిసెంబరులో మొత్తం కోటాలను 50 శాతం పెంచాలని తీర్మానించినా, ఎవరి వాటా ఎంతో మాత్రం మార్చలేదు. 2009లో ఇదే సంస్థ నుంచి 200 టన్నుల బంగారం కొన్న దేశం మనది. అప్పు కోసం నిలబడ్డ రోజునూ, అప్పిచ్చే స్థాయినీ చూసిన భారత్ ఈ వాటాల లెక్క మారేదాకా పట్టుబట్టాలి. మనకోసమే కాదు, శ్రీలంకలాంటి చిన్న దేశాల కోసం కూడా.